స్క్రమ్: మైదానంలో పుట్టిన మాటను ఆఫీసులోనూ పత్రికలోనూ తప్పు లేకుండా వాడటం ఎలా

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో పనిచేసే తెలుగువారికి ఉదయం పది గంటల ప్రాంతంలో ఫోన్ చేస్తే, తరచుగా వచ్చే జవాబు ఒక్కటే: "స్క్రమ్‌లో ఉన్నాను, మళ్లీ చేస్తాను." రోజూ పొద్దున పని గురించి మాట్లాడుకునే చిన్న కూడికను వారు అలా పిలుస్తారు. రోజుకు ఒకసారైనా ఈ మాట పలికేవారిలో చాలామందికి అది రగ్బీ ఆటకు చెందినదని తెలియదు. తెలిసినవారిలోనూ ఎక్కువమంది దాన్ని గుంపు అనో, సమావేశం అనో మనసులో అనువదించుకుని సరిపెట్టుకుంటారు. అందువల్ల ఇంగ్లీషు పత్రికలో అదే మాట మరో అర్థంలో ఎదురైనప్పుడు తికమకపడతారు, తాము రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట పొరబడతారు.

నేనూ ఆ బాపతే. ఉద్యోగాల వేటలో ఉన్న కొత్తలో, ఈ మాట ఏవో నాలుగైదు పదాల పొడి అక్షరాల కూర్పు అయి ఉంటుందన్న నమ్మకంతో, నా రెజ్యూమెలో దాన్ని అన్నీ పెద్ద అక్షరాల్లో రాశాను. ఇంటర్వ్యూలో ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఆ వరుస మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరానికి అర్థం చెప్పమన్నారు. మొదటి అక్షరానికి "సాఫ్ట్‌వేర్" అన్నాను, రెండో అక్షరం దగ్గర నీళ్లు నమిలాను. ఆయన కాలేజీ రోజుల్లో రగ్బీ ఆడినవారట. కోప్పడకుండా రెండు చేతుల వేళ్లనూ ఒకదాని సందులో ఒకటి దూర్చి చూపించి, "ఇవి తలకాయలు అనుకోండి, ఇదే స్క్రమ్" అన్నారు. ఆ ఉద్యోగం రాలేదు గాని, ఆ మాట మాత్రం ఆ రోజు నుంచి నాకు కళ్లకు కట్టినట్టు అర్థమైంది.

పాఠకులు కూడా ముందుగా ఆ పని చేసి చూడటం మంచిది. రెండు అరచేతులూ నేలవైపు తిప్పి, చేతులను ఛాతీ ముందు ఎదురెదురుగా తెచ్చి, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మాత్రమే చాచాలి. తరువాత మీ శరీరానికి అన్నిటికంటే దగ్గరగా కుడిచేతి చూపుడువేలు, అన్నిటికంటే దూరంగా ఎడమచేతి ఉంగరపువేలు ఉండేలా వేళ్లను ఒకదాని పక్కన ఒకటి దూర్చాలి. ఆ అమరికను గుర్తుంచుకోండి. ఈ మాటకు సంబంధించిన సగం పరిభాష అందులోనే ఉంది.

మైదానంలో అసలు అర్థం

జట్టుకు 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌లో, బంతి చేజారి ముందుకు పడటం, చేత్తో ముందుకు విసరటం వంటి చిన్న తప్పు జరిగినప్పుడు రిఫరీ ఆట ఆపుతాడు. పెద్ద తప్పుకు పెనాల్టీ ఉంటుంది. ఇలాంటి చిన్న తప్పుకు ఆటను మళ్లీ మొదలుపెట్టే పద్ధతి స్క్రమ్. తప్పు చేయని జట్టుకు బంతిని లోపలికి వేసే అవకాశం దక్కుతుంది. కాబట్టి స్క్రమ్ అనే మాటకు కేంద్రం "ఆగిన ఆట మళ్లీ మొదలవటం". జనం గుమిగూడటం, తోసుకోవటం దాని పై రూపం మాత్రమే. పై రూపాన్ని పత్రికలవారు తీసుకున్నారు, పనిచేసే తీరును సాఫ్ట్‌వేర్ వారు తీసుకున్నారు. ఈ రెండు దారులూ ఎక్కడ చీలాయో తెలిస్తే మాట వాడకంలో తప్పు జరగదు.

ఇరువైపులా ఎనిమిదేసి మంది ఫార్వర్డ్‌లు మూడు వరుసలుగా ఒకరినొకరు పెనవేసుకుని వంగి నిలబడతారు. ముందు వరుసలో ముగ్గురు: 1, 3 అంకెల చొక్కాలు వేసుకున్న ఇద్దరు ప్రాప్‌లు, వారి మధ్య 2వ అంకె ఉన్న హుకర్. వెనక 4, 5 అంకెల లాక్‌లు. వారికి రెండు పక్కలా 6, 7 అంకెల ఫ్లాంకర్లు, అందరికంటే వెనక 8వ ఆటగాడు. అతని స్థానానికి పేరు కూడా "నంబర్ ఎయిట్" అనే. రిఫరీ "క్రౌచ్" అన్నప్పుడు రెండు ముందు వరుసలూ వంగుతాయి, "బైండ్" అన్నప్పుడు ప్రాప్‌లు ఎదుటివారి చొక్కాను పట్టుకుంటారు, "సెట్" అన్నప్పుడు రెండు పక్షాలూ కలుస్తాయి. ఈ మూడు ఆదేశాల వరుస 2013లో వచ్చింది. అంతకుముందు రెండు పక్షాలూ దూరం నుంచి దూసుకువచ్చి ఢీకొనేవి. ఆ తాకిడికి మెడలకు, వెన్నులకు ప్రమాదం ఉండటంతో, ముందే పట్టు చిక్కించుకుని తరువాత కలిసేలా మార్చారు. పెద్ద అంతర్జాతీయ జట్లలో ఒక్కో వైపు ఎనిమిది మంది బరువు కలిపితే 900 కిలోలు దాటటం మామూలే కాబట్టి, ఆ జాగ్రత్త అతి అనిపించదు.

రెండు ముందు వరుసల కాళ్ల మధ్య ఏర్పడే ఖాళీని "టనెల్" అంటారు. 9వ అంకె ఆటగాడైన స్క్రమ్-హాఫ్ బంతిని అందులోకి వేస్తాడు. హుకర్ దాన్ని మడమతో వెనక్కి తన్నుతాడు, మిగిలినవారు ఆ సమయంలో ముందుకు నెడతారు. బంతి కాళ్ల మధ్యగా నంబర్ ఎయిట్ పాదాల దగ్గరకు చేరాక, స్క్రమ్-హాఫ్ తీసి బయటికి అందిస్తాడు, లేదా నంబర్ ఎయిట్ తానే ఎత్తుకుని పరిగెడతాడు. వెనక ఆడే మిగతావారు స్క్రమ్‌లోని చివరి పాదానికి 5 మీటర్ల దూరంలో ఆగి ఉండాలి. అంటే 16 మంది ఒక్కచోట చిక్కుకుపోతే మైదానమంతా ఖాళీ అవుతుంది. తెలివైన జట్టు ఆ ఖాళీని వాడుకుంటుంది. టీవీలో చూసేవారు వంగిన వీపులనే చూస్తారు గాని, ఆట తెలిసినవారి కన్ను ఆ ఖాళీ మీద ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ వేళ్ల దగ్గరికి రండి. కుడిచేయి ఒక జట్టు అనుకుంటే, దాని చూపుడువేలికి ఒక పక్క ఏమీ లేదు, గాలి ఆడుతోంది. ఆ స్థానంలో ఉండే ప్రాప్‌ను "లూజ్‌హెడ్" అంటారు, ఎందుకంటే అతని తలకు ఒక పక్క వదులు. అదే చేతి ఉంగరపువేలు ఎదుటి చేతి రెండు వేళ్ల మధ్య ఇరుక్కుంది. అతను "టైట్‌హెడ్". జట్టుకు ఎడమ వైపు ఉండేవాడు లూజ్‌హెడ్, కుడి వైపు ఉండేవాడు టైట్‌హెడ్. స్క్రమ్-హాఫ్ తన జట్టు లూజ్‌హెడ్ ఉన్న వైపు నుంచే బంతి వేస్తాడు. అలా వేసినప్పుడు సొంత హుకర్ తల, అంటే కుడిచేతి నడిమివేలు, ఎదుటి హుకర్ తల కంటే ఒక్క వేలి దూరం ముందుగా బంతికి దగ్గరవుతుంది. ఆ చిన్న అనుకూలతను దాటి ఎదుటి జట్టు బంతిని లాక్కుంటే, దాన్ని "అగైన్‌స్ట్ ది హెడ్" గెలవటం అంటారు. ఇంగ్లీషు వ్యాఖ్యాతలు ఈ మాట అన్నప్పుడు తలకు తగిలిన దెబ్బ గురించి అనుకునేవారిని నేను చూశాను. ఎదురు గాలిలో పడవ నడిపినట్టు, అవకాశం తమది కానప్పుడు గెలిచారని దాని భావం.

స్క్రమ్ అంటే చిన్న తప్పు తరువాతి లాంఛనం అనుకుంటే పొరపాటని 2023 ప్రపంచ కప్‌లో ఒక సంఘటన చూపించింది. పారిస్‌లో ఫ్రాన్స్‌తో జరిగిన క్వార్టర్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు డామియన్ విల్లెమ్స తన జట్టు గీతకు దగ్గరలో, ఎదుటివారు కొట్టిన బంతిని గాలిలోనే పట్టి "మార్క్" (అలా పట్టినందుకు దక్కే ఫ్రీ కిక్) అడిగాడు. అలాంటప్పుడు ఎవరైనా బంతిని దూరంగా తన్ని ఊపిరి పీల్చుకుంటారు. అతను మాత్రం చేతులతో సైగ చేసి స్క్రమ్ కావాలన్నాడు. తమ ఎనిమిది మంది నెట్టుడు మీద ఆ జట్టుకు అంత భరోసా. దక్షిణాఫ్రికా ఆ మ్యాచ్‌ను 29-28తో గెలిచి, తరువాత కప్పు కూడా గెలుచుకుంది. ఫ్రీ కిక్ వచ్చినప్పుడు దానికి బదులు స్క్రమ్ కోరే వీలును 2024 జులై నుంచి తీసేశారు. పెనాల్టీకి బదులు కోరే వీలు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆటలో ఇంకా రెండు పెనుగులాటలు స్క్రమ్‌లా కనిపిస్తాయి. బంతి నేల మీద ఉండగా, దానిపై రెండు జట్ల ఆటగాళ్లూ నిలబడి తోసుకుంటే అది "రక్". బంతి ఒకరి చేతిలో ఉండగా, ప్రత్యర్థి అతన్ని పట్టుకుని, సొంత జట్టువాడు కూడా అతనికి అతుక్కుంటే అది "మాల్". ఈ రెండూ ఆట నడుస్తుండగా వాటంతట అవే ఏర్పడతాయి. స్క్రమ్‌ను రిఫరీ ఏర్పాటు చేస్తాడు. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్న ఏడుగురి ఆటలో స్క్రమ్‌కు ముగ్గురేసి మాత్రమే. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ జట్లు ఆడింది ఈ ఏడుగురి ఆటే. కాబట్టి దాన్ని చూసి స్క్రమ్ అంటే ఇంతే అనుకున్నవారికి, పదహారు మంది ఒక్కసారి కలిసే శబ్దం ఇంకా తెలియదు.

మాట ఎక్కడి నుంచి వచ్చింది

"స్క్రమేజ్" అనే మాటను కుదించగా వచ్చింది స్క్రమ్. స్క్రమేజ్ అనేది "స్క్రిమేజ్"కు మరో రూపం, ఆ స్క్రిమేజ్ చిన్నపాటి యుద్ధాన్ని సూచించే "స్కర్మిష్" నుంచి వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నేటికీ "లైన్ ఆఫ్ స్క్రిమేజ్" అంటారు. ఆటలు వేరైనా మాటలు అన్నదమ్ములే. ఆపిల్ తోటల్లో దొంగతనంగా కాయలు కోయటాన్ని చెప్పే "స్క్రంపింగ్"కు గాని, రుచికరమైన అన్న అర్థంలో వాడే "స్క్రంప్షస్"కు గాని దీనితో చుట్టరికం లేదు.

పత్రికల్లో, వీధిలో

ఇంగ్లీషు పత్రికలు ఏదైనా ఒక చిన్న చోటు కోసం లేదా ఒక మనిషి కోసం జనం ఒకరినొకరు నెట్టుకునే దృశ్యాన్ని స్క్రమ్ అంటాయి. కోర్టు మెట్ల మీద మంత్రిని మైకులతో చుట్టుముట్టిన విలేకరుల గుంపు "మీడియా స్క్రమ్". కెనడాలో ఇది మరీ స్థిరపడి, పార్లమెంటు వరండాల్లో నాయకులు విలేకరులకు నిలబడి జవాబులు చెప్పే సందర్భానికే స్క్రమ్ అని పేరు వచ్చింది. అక్కడ దాన్ని క్రియగా కూడా వాడి, విలేకరులు మంత్రిని "స్క్రమ్" చేశారని రాస్తారు. ఇతర చోట్ల క్రియగా వాడటం అంత సహజంగా వినిపించదు కాబట్టి, మనం రాసేటప్పుడు నామవాచకంగానే ఉంచటం క్షేమం.

బెంగళూరులో ఈ అర్థానికి చక్కటి ఉదాహరణ కావాలంటే సంక్రాంతికి రెండు రోజుల ముందు రాత్రి మడివాళ దగ్గర నిలబడాలి. ఆంధ్రకు వెళ్లే ప్రైవేటు బస్సు వచ్చి ఆగగానే, సీటు నంబరు చేతిలో ఉన్నవారు కూడా సూట్‌కేసులతో తలుపు మీదికి ఎగబడతారు. డిక్కీ తెరిచిన క్లీనరు చుట్టూ భుజాలు భుజాలకు ఆనుకుని ఒక గోడ లేస్తుంది, ఎవరి బ్యాగు ఎవరి చేతిలో ఉందో తెలియదు, కాసేపటికి అందరూ లోపల ఉంటారు, ఎవరికీ ఏమీ కాదు. దాన్ని ఇంగ్లీషులో "ఎ స్క్రమ్ ఎట్ ది బస్ డోర్" అనవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో తోపులాట వేరు, తొక్కిసలాట వేరు. జనం కింద పడి, ఇతరుల కాళ్ల కింద నలిగి, ప్రాణాలకు ముప్పు వచ్చిన సందర్భాన్ని తొక్కిసలాట అంటాం, ఇంగ్లీషులో దానికి "స్టాంపీడ్" ఉంది. అటువంటి విషాదాన్ని స్క్రమ్ అనటం తేలిక చేసినట్టు అవుతుంది, మామూలు స్క్రమ్‌ను తొక్కిసలాట అనటం లేనిపోని భయం పుట్టిస్తుంది. అనువాదకులు మీడియా స్క్రమ్‌కు "విలేకరులు చుట్టుముట్టారు" అనో "మూగారు" అనో రాస్తే చాలు. కొత్త సమాసం తయారు చేయవలసిన పని లేదు.

ఆఫీసులో

సాఫ్ట్‌వేర్‌లోకి ఈ మాట వచ్చిన దారి ఆసక్తికరంగా ఉంటుంది. 1986లో హిరోటాకా టకేయుచి, ఇకుజిరో నొనాకా అనే ఇద్దరు జపాన్ ఆచార్యులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో, కొత్త వస్తువులను త్వరగా తయారుచేసే సంస్థలపై ఒక వ్యాసం రాశారు. ఒక విభాగం తన పని ముగించి తరువాతి విభాగానికి అప్పగించే పాత పద్ధతిని వారు రిలే పరుగుతో పోల్చారు. జట్టంతా ఒక్కటిగా కదులుతూ బంతిని ముందుకూ వెనక్కూ అందించుకునే కొత్త పద్ధతిని రగ్బీతో పోల్చారు. దాన్ని చదివిన సాఫ్ట్‌వేర్ నిపుణుడు జెఫ్ సదర్లాండ్ 1993లో ఈజెల్ కార్పొరేషన్‌లో తన జట్టు పని పద్ధతికి స్క్రమ్ అని పేరు పెట్టుకున్నారు. 1995లో ఆయన, కెన్ ష్వేబర్ కలిసి దాన్ని ఒక సదస్సులో లోకానికి పరిచయం చేశారు. ఆ పద్ధతి నియమాలు చెప్పే, వారిద్దరూ రాసిన స్క్రమ్ గైడ్ మొదట 2010లో, తాజా రూపం 2020లో వచ్చాయి.

నా అభిప్రాయం చెప్పాలంటే ఈ పోలిక కొంచెం ఒంటికాలి మీద నిలబడింది. బంతిని అందించుకుంటూ పరుగెత్తటం రగ్బీలో స్క్రమ్ తరువాత జరిగే పని. స్క్రమ్‌లో ఎవరూ పరుగెత్తరు. పైగా అసలు స్క్రమ్‌కు ఎదుటి పక్షం తప్పనిసరి, ఆఫీసు స్క్రమ్‌లో ఎదుటి పక్షం లేదు, ఉండకూడదు. మేనేజరు ఒక వైపు, మిగతా అందరూ ఒక వైపు నిలబడి రోజూ సంజాయిషీ ఇచ్చే కార్యక్రమంగా అది మారిందంటే, పేరు ఒక్కటే మిగిలిందని అర్థం. ఒకరి మీద ఒకరు బరువు వేసి ఒకే దిక్కుకు నెట్టటం, చిన్న తప్పు జరిగితే పెద్ద శిక్ష లేకుండా మళ్లీ మొదలుపెట్టటం అనే రెండు లక్షణాల వరకు పోలిక బాగానే నప్పుతుంది.

ఇక వాడకానికి వస్తే, మొట్టమొదట గుర్తుంచుకోవలసింది ఇది పొడి అక్షరాల మాట కాదని. మా జట్టులో కొత్తగా చేరిన కడప కుర్రవాడు మొదటి వారంలోనే "అన్నా, స్క్రమ్ ఫుల్ ఫామ్ ఏంటి?" అని అడిగాడు, అతన్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు. పని పద్ధతి పేరుగా రాసేటప్పుడు ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. ఆటలోని, పత్రికలోని స్క్రమ్‌కు అన్నీ చిన్న అక్షరాలే. పద్ధతి పేరుకు ముందు "ఎ" గాని "ది" గాని రాదు, బహువచనం లేదు: "వుయ్ యూజ్ స్క్రమ్" అనాలి, "వుయ్ యూజ్ ది స్క్రమ్" అనకూడదు. ఆటలో మాత్రం లెక్క పెట్టవచ్చు: "ఎ స్క్రమ్", "త్రీ స్క్రమ్స్". ఆ లెక్కించే స్క్రమ్‌ను ఇస్తారు, గెలుస్తారు, ఓడుతారు, అది కూలుతుంది, రిఫరీ దాన్ని "రీసెట్" చేస్తాడు. ఆ పనిని క్రియగా చెప్పాలంటే ఆటగాళ్లు "స్క్రమ్ డౌన్" చేశారంటారు.

మన ఆఫీసుల్లో స్క్రమ్ అని పిలిచే ఉదయపు కూడికకు గైడ్‌లో పేరు "డైలీ స్క్రమ్". దానికి గడువు 15 నిమిషాలు, అది పని చేసే డెవలపర్ల కోసం ఉద్దేశించింది. అందరూ నిలబడే మాట్లాడాలన్న నియమం అందులో లేదు, "స్టాండప్" అనే పేరు వేరే దారిలో వచ్చింది. నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు, అడ్డంకి ఏమిటి అనే మూడు ప్రశ్నలను 2020 రూపంలో తీసేశారు; చాలా జట్లు వాటిని ఇంకా మంత్రంలా చదువుతూనే ఉన్నాయి. మాటల్లో "స్క్రమ్ ఉంది" అంటే సాటివారికి అర్థమవుతుంది, తప్పేమీ లేదు. రెజ్యూమెలోనో క్లయింటుకు రాసే లేఖలోనో మాత్రం కూడికను డైలీ స్క్రమ్ అని, పద్ధతిని స్క్రమ్ అని విడదీసి రాయాలి. "ఐ అటెండెడ్ స్క్రమ్ ఫర్ త్రీ ఇయర్స్" అని రాస్తే మూడేళ్లు ఒకే మీటింగులో కూర్చున్నట్టు వినిపిస్తుంది.

పలకటంలో

ఇందులోని అచ్చు "డ్రమ్"లో ఉన్నటువంటిది. దాన్ని సాగదీసి "స్క్రామ్" అంటే "ఫో ఇక్కణ్నుంచి" అని కసిరే మరో మాట వస్తుంది. అణు రియాక్టర్‌ను అత్యవసరంగా ఆపివేయటాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. రకారం జారిపోయి "స్కమ్" అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మురికి నురుగుకు, నీచుడికి వాడే తిట్టు. "టుడే ఐ యామ్ లీడింగ్ ది స్కమ్" అని వీడియో కాల్‌లో ఒకరు ప్రకటించగా విదేశీ సహోద్యోగులు ముఖాలు పక్కకు తిప్పుకోవటం నా కళ్లతో చూశాను. మాట ముందు ఇకారం చేర్చి "ఇస్క్రమ్" అనేవారికి ఒక చిట్కా ఉంది: "బస్" అన్నప్పుడు చివర వచ్చే సకారాన్ని కాసేపు పట్టి ఉంచి, ఆగకుండా "క్రమ్" అనాలి. "బస్ క్రమ్, బస్ క్రమ్" అని నాలుగైదు సార్లు అని, తరువాత బకారాన్ని వదిలేస్తే సరైన పలుకుబడి దానంతటదే వస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు "స్క్రమ్" అనే రూపాన్నే ఉంచి, విభక్తులు మామూలుగా చేర్చుకోవచ్చు: స్క్రమ్‌కు, స్క్రమ్‌లో, స్క్రమ్ నుంచి. ఆట గురించి రాస్తున్నప్పుడు మొదటిసారి ఒక చిన్న వివరణ ఇవ్వాలి, ఉదాహరణకు "రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు కలిపి నెట్టుకునే స్క్రమ్" అని. ఆ తరువాత వివరణ అక్కరలేదు. ఊళ్లో ఉన్న మా అమ్మ ఒకసారి ఫోన్‌లో ఆ మాటకు అర్థం అడిగినప్పుడు రగ్బీ గురించి మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. మర్నాటి నుంచి ఆమెకు "పొద్దున పని మాట్లాడుకునే వేళ" అని చెబుతున్నాను, ఆ పావుగంటలో ఆమె ఫోన్ చేయటం మానేసింది.